పూల్‌లో ఏ యాసిడ్ వెయ్యాలి

రాక్‌హ్యాంప్టన్,
ఫిబ్రవరి, ఆదివారం.

చిరంజీవి రసెల్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నా మోకాలు కులాసా. కుక్క కులాసా. నీ కూతురు టెగన్ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది గాని, మెట్లెక్కితే ఇంకా ఆయాసపడుతోంది. నీ భార్య లీనెట్ ఎలా ఉందో నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పను.

ఫోన్ చేస్తే పెట్టేస్తున్నానని ఉత్తరం రాశావు. మంచిదే. ఉత్తరంలో నువ్వు నా మాటకు అడ్డు రాలేవు.

అడిగినవాటికి జవాబులు. మామిడిపళ్ళు గబ్బిలాలు తినగా మిగిలినవి పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. నీకు దాచలేదు. గని క్యాంపులో నీ గది ఏసీ చెడిపోయిందని రాశావు. ఉక్కపోత అందరికీ ఒకటే, భరించు. పెరట్లో ఈత కొట్టే పూల్ నీళ్ళు పచ్చబడ్డాయా అన్నావు. లేదు. అడుగున పడ్డ ఆకు కూడా కనబడేటంత తేటగా ఉన్నాయి. లీనెట్ పొడి యాసిడ్ వేస్తోంది. అవును, నువ్వు వద్దన్నదే.

ఆ గొడవ నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. క్రిస్మస్‌కు నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు, రొయ్యలు ఒలుస్తూ మొదలుపెట్టారు. మనం వేసే క్లోరిన్‌కు నీళ్ళ పి.హెచ్. పైకి పోతూనే ఉంటుంది, యాసిడ్ వెయ్యక తప్పదు. అంతవరకూ ఇద్దరిదీ ఒకే మాట. ఏ యాసిడ్ అన్న దగ్గరే వచ్చింది తంటా.

"సీసా యాసిడ్ చవకే, కాదనను," అంది లీనెట్. "మూత తీస్తే చాలు, పొగ ముక్కులో కొడుతుంది. పిల్లకు ఉబ్బసం, రసెల్. పొడికి నాలుగు డాలర్లు ఎక్కువైనా పొగ ఉండదు."

"అది యాసిడా, బట్టల సోడానా? మా నాన్న జన్మలో దాని మొహం చూడలేదు. సిమెంటు గోడలు కొరుక్కు తింటుంది, తెలుసా నీకు?"

"తెలుసు. వానలు తగ్గాక, పొడి నీళ్ళలో పేరుకోకుండా సగం తీసేసి కొత్తవి పెడతాను. గోడ పాడైతే మళ్ళీ పూత వేయించుకుందాం. పిల్ల ఊపిరితిత్తులకు ఎవరు వేస్తారు పూత?"

నువ్వు లేచి వెళ్ళి, ఆమె కొన్న పొడి డబ్బాను చెత్తబుట్టలో పారేసి వచ్చావు. నీ వాదనలో నిజం లేదనను. ఆ పొడి ఎక్కువైతే సిమెంటుకు చెరుపే. మాట్లాడి ఉంటే గెలిచేవాడివేమో. నీకు మాట్లాడి గెలవడం చేతకాదు.

మీ నాన్న వాడింది సీసా యాసిడే. కాని ఆయన యాసిడ్ ఒక మూల, క్లోరిన్ ఇంటి అవతలి పక్క పెట్టేవాడు. దేని బకెట్ దానిదే. బకెట్‌లో ముందు నీళ్ళు, తరవాతే యాసిడ్. ఆ పని చేస్తున్నంతసేపూ నన్ను కూడా పూల్ కంచె గేటు దాటి రానిచ్చేవాడు కాదు. నువ్వేమో రెంటినీ ఒకే రేకు షెడ్డులో, ఒకే అరలో పెట్టి, మా నాన్న మా నాన్న అంటావు. ఆయన పేరు ఎత్తకు.

ఇక నీ అసలు సంగతి. ఇలా రాశావు: "అమ్మా, పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న కేసులో నా లాయరు నీకు ఫోన్ చేస్తాడు. క్లోరిన్ బకెట్‌లో యాసిడ్ పోసింది లీనెట్టే అని ఒక్క మాట చెప్పు చాలు. టెగన్ నా దగ్గరే ఉండిపోతుంది. నీకూ మనవరాలు దక్కుతుంది."

ఒరేయ్, సెలవు ముగిసి నువ్వు క్యాంపుకు బయల్దేరిన ఆ రోజు నేను వెనక వాటాలో, వంటగది కిటికీ దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. క్యాంపు బస్సుకు ఆలస్యమవుతోందని నువ్వు విసుక్కుంటూ షెడ్డులోంచి వచ్చావు. క్లోరిన్ కొలిచిన బకెట్‌నే తీసుకున్నావు. అడుగున తెల్లటి పలుకులు మిగిలే ఉన్నాయి. కడగలేదు. నీళ్ళు పొయ్యలేదు. సీసా వంచావు. పసుపుపచ్చ పొగ బుసకొట్టింది. నువ్వు ముక్కు మూసుకుని వెనక్కి దూకావు. తువ్వాలు భుజాన వేసుకుని అటే వస్తున్న పిల్ల మీదికి పోయింది ఆ పొగంతా.

అప్పుడు నువ్వన్న మాట నాకు కిటికీలోంచి వినబడింది. "ఎవరు రమ్మన్నారే నిన్నిక్కడికి?"

పిల్లను ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తింది లీనెట్. అంబులెన్సులో పక్కన కూర్చున్నదీ లీనెట్టే. నువ్వు షెడ్డుకు తాళం వేసి, "బకెట్లు కడిగి పెట్టుకోవడం రాదు నా పెళ్ళానికి" అని నాతో అని, బస్సెక్కావు. నీ కూతురు ముక్కుకు గొట్టం పెట్టుకుని ఉన్నప్పుడు నువ్వు గనిలో డ్యూటీలో ఉన్నావు.

ఇంతసేపూ ఒక మాట బిగబట్టి రాస్తున్నాను. ఇక చెప్పేస్తాను. నీ లాయరు ఫోన్ కోసం నేను ఆగలేదు. బుధవారం బస్సెక్కి నేనే లీనెట్ లాయరు దగ్గరికి వెళ్ళి, చూసింది చూసినట్టు చెప్పాను. అక్కడ నన్ను చూసి లీనెట్ తెల్లబోయింది.

"అత్తయ్యా, కొడుకు మీద సాక్ష్యం. ఒకసారి ఆలోచించుకోండి."

"ఆలోచించే బస్సెక్కానమ్మా."

"మీ అబ్బాయి మీద ఏమైనా కక్ష ఉందా?" అని అడిగింది ఆ లాయరమ్మ. కోపం ఉంది, కక్ష లేదు అన్నాను. ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. అది నీకు తెలియాలని రాయడం లేదు. నువ్వు జాలిపడితే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

నన్ను తిట్టాలనుంటే తిట్టు. నేను పోయాక నా శవాన్ని చూడ్డానికి రానంటే రాకు. కాని ఒకటి విను. టెగన్ పూల్ గేటు దగ్గరికి కూడా పోవడం లేదు. నిన్న నా పక్కన మంచం మీద పడుకుని అడిగింది, "నానమ్మా, నేను అటు వెళ్ళబట్టేనా నాన్న ఇంటికి రావడం లేదు?"

కాదన్నాను. నమ్మలేదు. నువ్వా రోజు అరిచింది నేను విన్నాను, అదీ వింది. లాయరుకు జవాబు నేను చెప్పగలిగాను. ఈ పిల్లకు నువ్వే చెప్పాలి. ఫోన్‌లో వద్దు. మనిషివి వచ్చి, దాని ఎదురుగా కూర్చుని చెప్పు. ఆ తరవాత నీతో మాట్లాడాలో వద్దో నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఇంకా నీ మీద కోపం తగ్గని నీ తల్లి,
ఎనిడ్