అమ్మ చాపిన గిన్నె

రూతమ్మా,

నువ్వు అమ్మను బతికుండగానే పాతిపెట్టేశావు. నాలుగు పేజీల ఉత్తరంలో అమ్మ ఏం తింటోందన్న ప్రశ్న ఒక్కటి లేదు. "హోమ్‌లో చేర్చేయన్నా, అదీ ఒక బతుకేనా?" అని మాత్రం ఉంది.

కోపం ముందొచ్చింది, వందనాలు వెనకొస్తున్నాయి, ఏమనుకోకు. ప్రభువు దయవల్ల మారతహళ్ళిలో అమ్మా నేనూ ఉన్నంతలో కులాసా. కోలారులో నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో అయితే అరుస్తాను, అందుకే రాస్తున్నాను.

బతుకేనా అన్నావు కదా, చెబుతాను. పక్షవాతం వచ్చి ఐదు నెలలు. మాట లేదు. కుడిచేయి కదలదు. పక్క మార్చకపోతే వీపు పుండవుతుంది. ఇది దేవుడి చిత్తమని నాకెవరూ చెప్పొద్దు. ముప్పై ఏళ్ళు అమ్మ చేత నగర్తపేట వీధులు ఊడ్పించుకుని, పింఛను లేకుండా ఇంటికి పంపిన కాంట్రాక్టర్ల చిత్తం మాత్రం ఉంది. పేదవాళ్ళను ఓర్చుకోమనే ప్రసంగాలతో నా తగవు చచ్చేదాకా తీరదు.

అయినా ఒకటి చూశాను. పొద్దున ఎనిమిదింటికి గోడ పైనున్న వెంటిలేటర్లోంచి అరచేయంత ఎండ దుప్పటి మీద పడుతుంది. అమ్మ ఎడమచేయి మెల్లగా తెచ్చి అందులో పెడుతుంది. ఎండ జరిగితే చేయీ జరుగుతుంది. తర్వాత కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతుంది. ఇరవై ఏళ్ళుగా పేదల కోసం కరపత్రాలు రాస్తున్న నాకు, ఆ గదిలోకి ఎండ వస్తుందనే తెలీదు.

మొన్న ఆదివారం పాస్టరుగారు మంచం దగ్గరికే ప్రభు రాత్రి భోజనం, ఆ రొట్టే ద్రాక్షరసమూ, తెచ్చారు. అమ్మను లేపి కూర్చోబెట్టడానికి కింది వాచ్‌మన్ పెద్దమునియప్ప వచ్చాడు. రోజూ వచ్చేది అతనే. చిన్న గిన్నెలో ద్రాక్షరసం చేతికిస్తే, అమ్మ దాన్ని అతని వైపు చాపింది.

"బాప్తిస్మం లేనివాళ్ళకు ఇది ఇవ్వకూడదమ్మా," అన్నారు పాస్టరు.

అమ్మ చేయి దించలేదు. రసం తొణుకుతోంది.

"నాకు షుగరుండాది కదప్పా," అంటూనే మునియప్ప రెండు చేతులూ పట్టాడు. "అయినా అక్క ఇస్తే ఎట్లా వద్దనేది?" గటుక్కున తాగేశాడు.

పాస్టరుగారి మొహం చూసి అమ్మ నవ్వింది రూతమ్మా! వంకరపోయిన మూతితో, పైకి వినబడేలా నవ్వింది. ఆయన మరో గిన్నె నింపి అమ్మ నోటికి ఆనించారు.

నేను బయటికెళ్ళి ఏడ్చాను. మర్నాడే అమ్మను యలహంకలో ఒక హోమ్‌లో చేర్చడానికి నేను అప్పటికే మంచం ఖాయం చేసుకొచ్చి ఉన్నాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నానని ఆమెతో అబద్ధమాడాను. పైన నిన్ను తిట్టిన తిట్లన్నీ నాకే చెందుతాయి. ఫోన్ చేసి ఆ మంచం వద్దన్నాను. దేవుడికి కృతజ్ఞతలు చెప్పి ఎన్నేళ్ళయిందో. ఆ సాయంత్రం చెప్పాను, వాదించకుండా.

ఇక నేను అడిగేవి.

రెండో శనివారం బయలుదేరి రా. వారం ఉండు.

పిల్లల్ని తీసుకురా, భయపడతారని ఆపకు.

పక్క మార్చడం మునియప్ప దగ్గర నేర్చుకో.

అమ్మ ముందు అమ్మ లేనట్టు మాట్లాడకు.

నా అబద్ధం సంగతి ఆమెకు నువ్వు చెప్పకు. నేనే చెప్పాలి.

ఇట్లు,
నీ పెద్దన్న దేవరాజ్