జామాకు వెనక గూడు

జూన్ 8, ఆదివారం

టెర్రస్ మీది జామ మొక్కలో గూడు కట్టిన టైలర్ పిట్టను, ఆఫీసులోనూ బర్డ్ గ్రూప్‌లోనూ నాతో ఉండే భరద్వాజ్‌కి చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. మగ్గాల పేట మా బమ్రోలి పిట్ట కదా, రెండాకుల్ని మగ్గాల వేస్ట్ దారంతో కుట్టింది. లోపల మూడు పిల్లలు, ఇంకా కళ్ళు తెరవలేదు. పాతకాలం ఫొటోగ్రాఫర్లు కొమ్మల్ని పక్కకి కట్టేసి పిల్లల్ని ఫొటో తీసేవాళ్ళని చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గూడు జోలికి పోకూడదన్నది మా బర్డ్ గ్రూప్ మొదటి రూల్.

జూన్ 10, పొద్దున 7:30

ఫొటోకి అడ్డంగా ఉండే పెద్దాకుని ఎవరో రెయిలింగ్‌కి దారంతో కట్టారు. గూడు బట్టబయలు. మెట్లు బయటినుంచే, ఎవరైనా ఎక్కొచ్చు. లైట్ బాగుంది, సిగ్గులేకుండా ఒక ఫొటో తీసుకున్నాను. తర్వాత కత్తెరతో దారం కోసేశాను.

ఆఫీసులో భరద్వాజ్ నిన్న మా ఇంటి దగ్గర పాండెసరా వైపు వచ్చానన్నాడు. ఎందుకని అడిగితే పనుందన్నాడు. ఏం పనో చెప్పలేదు.

జూన్ 11

మళ్ళీ కట్టారు. మళ్ళీ కోశాను. వాటర్ ట్యాంక్ మీద రెండు కాకులు.

జూన్ 12, సాయంత్రం

ఈరోజు లేటయి, పైకి చూడకుండానే ఆఫీసుకి పరిగెత్తాను. ఇప్పుడు చూస్తే ఆకు మళ్ళీ కట్టి ఉంది. గూడు ఖాళీ. తల్లి పిట్ట మొక్క చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. వినలేక కిందికొచ్చేశాను. గ్రూప్‌లో భరద్వాజ్ పేరు పెట్టి రాసేశాను. మా టెర్రస్ మీదికి తను రాలేదని అతను ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. అడ్మిన్ అతన్ని గ్రూప్‌లోంచి తీసేశాడు. నాకు తృప్తిగానే అనిపించింది.

జూన్ 13

ఆ దారం విప్పుదామని వెళ్ళాను. వేళ్ళు ఆగిపోయాయి. చిన్న ముడి, కొసలు పంటితో కొరికి ఉన్నాయి. మగ్గం మీద పోగు తెగితే అతికే ముడి. ఇంట్లో నాడా తెగినా, మగ్గాల మీద పనిచేసే మా నాన్న, బాపు, అదే వేస్తాడు.

నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి చాయ్ తాగుతూ తనే చెప్పాడు. ఆకు అడ్డమొస్తుందని నువ్వే అంటివి గద బిడ్డా, మొక్కలకు నీళ్ళు పోయవోయి జర పక్కకు కట్టిన, గాలికి తెగితే మల్ల కట్టిన, ఫొటో మంచిగ అచ్చిందా అని అడిగాడు. కళ్ళు నిద్రకి మూసుకుపోతున్నాయి. మంచిగ అచ్చింది బాపూ అన్నాను. పిల్లలేవి అన్నాడు. ఎగిరిపోయినయి అన్నాను.

జూన్ 14

భరద్వాజ్‌ని మళ్ళీ గ్రూప్‌లో చేర్పించి, కట్టింది అతను కాదని రాశాను. మరి ఎవరని అందరూ అడిగారు.

నేనే అని పెట్టాను.