విమల చూసిన పొగ

శుక్రవారం రాత్రి, పినపాక

ఈ రోజు దవాఖాన మీటింగ్‌ల డాక్టరుగారు మా పనిల కొత్తగ చేరిన విమలను అందరి ముందు మెచ్చుకున్నడు. నేను గూడ చప్పట్లు కొట్టిన. లోపల మాత్రం మండిపోయింది.

రెండేండ్ల నుంచి సర్వే కోసం ఇక్కడి అడవి గూడేనికి పోయి పిల్లల బరువు తూచేది, ఏం తిన్నరో రాసుకునేది నేను. ఆ గూడెంల లచ్చమ్మ బిడ్డకు దగ్గు తగ్గకపోతే తిండి చాలకనే అని రాసి, టానిక్ ఇచ్చి వచ్చిన. విమల వచ్చి నెల గూడ కాలే. వానకు చిక్కి ఒక రాత్రి లచ్చమ్మ వాళ్లింట్లనే పండుకున్నది. కిటికీ లేని ఆ ఇంట్ల పొయ్యి పొగకు తనకే ఊపిరాడలేదంట. తెల్లారి పొయ్యిని వసారాలకు మార్పించింది. ఇప్పుడు పిల్ల దగ్గకుండ నిద్రపోతున్నదట.

నమ్మబుద్ధి గాక సాయంత్రం నేనే పోయి చూసిన. నిజమే, పిల్ల ముఖం తేటగున్నది. సంతోషపడాల్సింది పోయి, "పొగ సంగతి నాకెందుకు చెప్పలే?" అని లచ్చమ్మను అడిగిన.

"నువ్వెన్నడు లోపలికి రాలే గదక్కా," అన్నది ఆమె నెమ్మదిగ. "వాకిట్లనే రాసుకొని పోతవ్."

విమల మీద కుళ్లు ఇంకా పోలే. కానీ ఆ పిల్ల ఇన్నాళ్లు దగ్గింది విమల వల్ల కాదు.