పది పటాలు, అరవై బొమ్మలు

22 జనవరి 1968, సోమవారం

ఎగ్జిబిషన్ వచ్చే నెల పన్నెండు నుంచి. స్కూలు కమిటీ వాళ్లు చూసి, డ్రాయింగ్ పీరియడ్ ఉంచాలో తీసేయాలో తేలుస్తారట. పీరియడ్ పోతే నా టెంపరరీ పోస్టూ పోతుంది. అరవై మంది ఆడపిల్లల బొమ్మలున్నాయి. స్కూలు పది ఫ్రేములే కట్టించగలదని హెడ్‌మిస్ట్రెస్ లక్ష్మీనరసమ్మ గారు చెప్పేశారు. మిగిలిన యాభై మందికి ఏం చెప్పను?

25 జనవరి

కోట దగ్గర పటాలు కట్టే సోములును అడిగాను, వెనక మేకులు కొట్టకుండా కట్టగలవా అని. తలుపుకి గడియున్నట్టే పటానికీ ఎట్టేద్దాం టీచరమ్మా అన్నాడు. నాలుగు చెక్క బిళ్లలు. తిప్పితే వెనక అట్ట ఊడొస్తుంది, బొమ్మ మార్చుకోవచ్చు. రోజుకు పది చొప్పున ఆరు రోజులు. అందరివీ గోడెక్కుతాయి.

మారుస్తుంటే అద్దం జారి పడితే?

9 ఫిబ్రవరి

ఎవరి బొమ్మ ఏ రోజో లిస్టు రాశాను. నాలుగుసార్లు చింపాను.

13 ఫిబ్రవరి, సాయంత్రం 6



మధ్యాహ్నం జగ్గమ్మ అనే ఆవిడ కోటబొమ్మాళి నుంచి రైల్లో వచ్చింది. మా హాస్టల్ పిల్ల నీలవేణి తల్లి. నీలవేణి బొమ్మ లిస్టులో గురువారానికి ఉంది. ఎల్లుండి రమ్మన్నాను. మినుము తీత ఉన్నాది, మల్లీ రాలేనమ్మా అని లేచింది.

బీరువాలోంచి బొమ్మ తీసి చేతికిస్తే సరిపోయేదేమో. మనసొప్పలేదు. గుమ్మానికి ఎదురుగా ఉన్న ఫ్రేము దింపాను. అందులో కమిటీ ప్రెసిడెంటు గారి అమ్మాయి పద్మకుమారి వేసిన నెమలి. బిళ్లలు తిప్పి నెమలిని తీశాను. నీలవేణి బొమ్మ పెట్టి తగిలించాను.

నిద్రపోతున్న తల్లి. ముందు కనబడేవి పాదాలు, పగుళ్లతో సహా.

జగ్గమ్మ చాలాసేపు చూసింది. నా కాళ్లు ఇలాగున్నాయేటి అంది. చీర అంచు పాదాల మీదికి లాక్కుంది. తరవాత మెల్లిగా, నన్ను అద్దంలో ఎట్టారు అంది. నాతో కాదు.

అప్పుడే ప్రెసిడెంటు గారు వచ్చారు. మా అమ్మాయి బొమ్మ ఏదమ్మా అన్నారు. నెమలి నా చేతిలోనే ఉంది. తీసేశానన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన గోడకేసి ఒకసారి చూసి వెళ్లిపోయారు. అదే భయంగా ఉంది. లక్ష్మీనరసమ్మ గారు సంజాయిషీ రాసివ్వమన్నారు.

14 ఫిబ్రవరి

ఇచ్చాను. మూడు లైన్లు. క్షమించమని రాయలేదు.

17 ఫిబ్రవరి, శనివారం

పొద్దున్నే తెలిసింది. జూన్ నుంచి డ్రాయింగ్ పీరియడ్ ఉండదు.

ఎగ్జిబిషన్ సాయంత్రం దాకా ఉంది. పదకొండు మంది తల్లులు వచ్చారు. ఎవరొస్తే వాళ్ల పిల్ల బొమ్మ పెట్టాను. మధ్యాహ్నానికి వేళ్లు బొబ్బలెక్కాయి. లక్ష్మీనరసమ్మ గారు వచ్చి పక్కన నిలబడ్డారు. కళ్లజోడు సర్దుకుని, బిళ్ల ఎటు తిప్పాలో చూపించమన్నారు.