శీను మెచ్చిన ఆట

2002 జూలై, ఆదివారం

శీను ఇచ్చిన కంప్యూటర్ ఆటను ఈ నెలంతా ఓపిక పట్టి ఆడాను. అందులో మంత్రగాడు, మరుగుజ్జు, కత్తి పట్టిన రాకుమారి, అందరూ పేజీలకు పేజీలు ఇంగ్లీషులో మాట్లాడతారు. అదంతా చదివి గుహలోకి అడుగుపెడితే ఎలుకలు కరిచి చంపేస్తాయి. ప్రపంచమంతా దీన్ని గొప్ప ఆట అంటుందట. నాకైతే పోర్టులో డ్యూటీ దిగి వచ్చి ఇంట్లో ఇంకో డ్యూటీ ఎక్కినట్టుంది.

మధ్యాహ్నం శీను వస్తే ఆ మాటే చెప్పాను.

“నీకు ఆడ్డం రాక ఆట బాలేదంటన్నావ్ బావా. జరుగు, నాను సూపిత్తాను,” అని మౌస్ లాక్కున్నాడు.

సాయంత్రం దాకా నా కుర్చీ వదల్లేదు. అమ్మ టీ తెచ్చి పలకరించినా తలెత్తలేదు. నేను మంచం మీద కూర్చుని వాడి వీపు చూస్తూ ఉన్నాను. చివరికి ఒక డ్రాగన్‌ను చంపి గంతేశాడు.

“సూసినావా? ఇది నచ్చనోడు మనిసేనేటి?”

లేచి వెళ్లి గోడ మీది స్విచ్ కట్టేశాను. వాడు ఆటను సేవ్ చేయలేదని నాకు తెలుసు.

“కరెంటు పోయిందేటి?” అంటూ తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సీడీ కంప్యూటర్‌లోనే ఉండిపోయింది.

ఉద్యోగంలో చేరాక నాకు మిగిలిన స్నేహితుడు వాడొక్కడే. రేపు ఫోన్ చేసి తప్పయిందని చెప్పొచ్చు. చెబితే, మళ్లీ మొదటి నుంచి ఆడదామంటాడు.