ఎక్కువ బరువున్నది ముందు

పిన్నికి,

ఈ పాటికి ఓవెన్ పక్కనే నిలబడి ఉంటావు గనక, కాస్త దూరం నుంచే సాష్టాంగ నమస్కారం.

శుభవార్త. మా వీధి చివర సూపర్‌మార్కెట్ యజమాని ఉన్నాడు చూడు, నవ్వితే కరెంటు బిల్లు పెరుగుతుందేమో అన్నట్టు ఉంటాడు, ఆ పెద్దమనిషి నీ వేరుశనగ బిస్కెట్ ఒకటి తిన్నాడు. తిని, ఇంకోటి తిన్నాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇది కౌంటర్ పక్క అరలో పెడతాను" అన్నాడు. పిన్నీ, ఆ అర సామాన్యమైనది కాదు. అక్కడ చోటు కోసం పేరుమోసిన చాక్లెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

అయితే ఒక మెలిక పెట్టాడు. నీ ప్యాకెట్‌ని తిరగేసి, బోర్లించి, దీపానికి ఎత్తి చూసి, "లోపల బిస్కెట్లున్నాయి, బయట ఏమీ లేదు. రేపు అధికారి వచ్చి ఇది ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఇందులో ఏముంది అంటే నన్నేం చెప్పమంటావ్? బాగుందండీ అనా?" అన్నాడు. న్యాయమే. ప్యాకెట్‌లో పెట్టి అమ్మే తిండికి లేబుల్ ఉండి తీరాలి. నెలాఖరులోగా లేబుల్‌తో వస్తే ఆ అర నీది. రాకపోతే చూయింగ్ గమ్‌ది.

లేబుళ్లు అచ్చేసే ప్రెస్సులో నేను డిజైనర్‌గా ఉండటం ఇందుకే కాబోలు. నువ్వు రాసి పంపాల్సినవి: వస్తువు పేరు, అందులో ఏమేం ఉన్నాయో, ఎవరు తయారు చేశారో, చిరునామా, కవరు బరువు పోగా లోపలి సరుకు బరువు, ఎప్పటిలోగా తినాలో, ఫిర్యాదులకి ఫోన్ నంబరు. ఒక్క నియమం మాత్రం మరవకు. వరస రాసేటప్పుడు ఎక్కువ బరువున్నది ముందు, తక్కువ బరువున్నది చివర. చట్టం వయసు చూడదు, హోదా చూడదు, మొహమాటపడదు.

ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి. కానీ ఎప్పుడు చేసినా బాబాయే ఎత్తి, అంతా విని, "సరే, చెబుతాలే" అని పెట్టేస్తారు. చెప్పరు. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
నీ బిస్కెట్లు తిని ఇంతవాడైన
మీ అక్క కొడుకు

తా.క. యజమానికి ఇమ్మని నువ్వు పంపిన ప్యాకెట్లు అన్నీ అతనికి చేరలేదు. దారి తప్పినవాటి గురించి నన్ను అడగకు.

*

చిరంజీవి అక్క కొడుక్కి,

పిన్ని ఆశీర్వదించి, చేతులు కడుక్కుని రాస్తున్నది.

నీ ఉత్తరం మీ బాబాయ్ గట్టిగా చదివి వినిపించారు. నేను, పై వాటాలో ఉండే మా తోడికోడలు, మా అత్తగారు విన్నాం. "ఎవరు తయారు చేశారో" అన్నచోట ఆయన ఆగిపోయారు.

"ఎవరంటే? అందరం" అన్నారు.

అదీ నిజమే అనుకో. వేరుశనగలు వేయించి పొట్టు తీసేది మా తోడికోడలు. ప్యాకెట్ల మూతులు ఇస్త్రీపెట్టెతో అతికించేది మీ బాబాయ్. మా అత్తగారు కుర్చీలో కూర్చుని "మాడుతోంది" అంటారు, మాడకపోయినా. పిండి కలపడం, ఒత్తడం, కాల్చడం, తూచి ప్యాకెట్లలో వేయడం, ఆ మిగతా చిల్లర పనులు నావి.

"నలుగురి పేర్లూ వేయిద్దాం సరే, ఎవరిది ముందు?" అంది మా తోడికోడలు.

"వాడు రాశాడుగా" అన్నారు మీ బాబాయ్. "ఎక్కువ బరువున్నది ముందు. వయసు చూడదు, హోదా చూడదు."

చట్టం కదా అని నలుగురం పిండిమరకి వెళ్లాం. బస్తాలు తూచే కాటా అక్కడే ఉంది. మర అబ్బాయి మా చేతులు ఖాళీగా ఉండటం చూసి, "ఏం పట్టించాలమ్మా?" అని అడిగాడు. "మమ్మల్నే" అన్నారు మా అత్తగారు.

మీ బాబాయ్ అవలీలగా మొదటి స్థానంలో వచ్చారు. మా తోడికోడలు రెండు, అత్తగారు మూడు. నేను చివర. కాటా దిగాక మీ బాబాయ్ నా భుజం తట్టి, "బాధపడకు, నీ పేరూ ఉంటుందిగా" అన్నారు. ఇన్నేళ్లుగా పిండి కలిపిన చెయ్యి ఇది. చట్టమే అలా ఉంటే ఏం చేస్తాం, అలాగే వెయ్యి.

ఇక అందులో ఏమేం ఉన్నాయంటావా, వాటిని మర్యాద ప్రకారం రాశాను. వెన్న ముందు, ఖరీదైనది కదా. తర్వాత ఉప్పు, చిటికెడే అయినా అది లేకపోతే ఏదీ లేదు. తర్వాత చక్కెర, పాలపొడి, వేరుశనగలు. గోధుమపిండి ఎలాగూ ఉండేదే, చివర.

చిరునామా: నీలం గేటు ఇల్లు. గేటు కిర్రుమంటుంది, అదే గుర్తు. ఎప్పటిలోగా తినాలో మాత్రం తెలియదు. మా ఇంట్లో ఏ బిస్కెట్టూ రెండో రోజు చూసి ఎరగదు. తెలుసుకుందామని ఒక ప్యాకెట్ పై అలమరలో దాచాను. పొద్దున్నకి లేదు.

ఇట్లు,
నాలుగో స్థానంలోని
పిన్ని

తా.క. తూకం రోజు ఎండ మండిపోతోంది. మీ బాబాయ్ చలికోటు వేసుకొచ్చారు. మా అత్తగారు ఇంటి తాళాలన్నీ బొడ్లో దోపుకుని ఎక్కారు. తాను మోసపోయానని మా తోడికోడలు మూడు పూటలా రెండేసి వడ్డనలు లాగిస్తోంది. మళ్లీ తూచాలట.

*

అన్యాయానికి గురైన పిన్నికి,

తలవంచి నమస్కరించి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకి, ప్రెస్సులో మెషీన్ మీదున్నతను మెషీన్‌లో ఏదో విరిగిందనుకుని ఆపేశాడు. తప్పు నాదే. బరువు వరస మనుషులకి కాదు పిన్నీ, దినుసులకి! మర్యాద వరస ఎవరికీ లేదు. గోధుమపిండి ముందు, ఉప్పు చివర. వెన్నకి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఇంకొకటి, ఇందులో వేళాకోళం లేదు. గోధుమ, వేరుశనగ, పాలు కొందరి ఒంటికి సరిపడవు. వేరుశనగైతే కొందరికి ప్రాణం మీదికే వస్తుంది. అందుకని అవి ఉన్నాయని విడిగా, స్పష్టంగా రాయాలి. రాస్తాను. ఎన్నాళ్లు నిలవ ఉంటుందో మాత్రం పరీక్ష చేయించాల్సిందే. ఆ పరీక్షశాల వాళ్లని యజమానే చూపిస్తానన్నాడు. అక్కడ అలమరలకి తాళాలుంటాయి.

ఇక తయారు చేసినవారి సంగతి. వంటింట్లో తిరిగినవాళ్లందరి పేర్లూ వేయడానికి ఇది పెళ్లి శుభలేఖ కాదు. ఒక్క పేరు చాలు, జవాబుదారీ పేరు. అంటే, బిస్కెట్లో వెంట్రుక వస్తే నిలదీసేది ఆ పేరునే. రాసినదానికంటే బరువు తగ్గితే జరిమానా ఆ పేరుకే. ఆఫీసు బల్ల ముందు నిలబడి "అయ్యా, అది ఎలా జరిగిందంటే" అని మొదలుపెట్టాల్సింది ఆ పేరే. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ పేరా మాత్రం నెమ్మదిగా, గొంతు తగ్గించి చదువు.

ఇట్లు,
చట్టానికి వినయంగా, నీకు ఇంకా వినయంగా,
మీ అక్క కొడుకు

తా.క. నెలాఖరు దగ్గరికొచ్చేసింది. యజమాని ఆ అరని రోజూ తుడుస్తున్నాడు. చూయింగ్ గమ్ వాళ్లు వచ్చి కొలతలు తీసుకెళ్లారు.

*

చిరంజీవికి,

ఆశీస్సులు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఎందుకో విను.

నువ్వు చెప్పినట్టే గొంతు తగ్గించి చదివాను. జరిమానా దగ్గరికి వచ్చేసరికి మా తోడికోడలు వడ్డించుకున్న రెండో పళ్లెం పక్కకి జరిపి, "అయినా అక్కా, చెయ్యి నీది. నేనేదో నాలుగు గింజలు వేయిస్తాను, దానికి పేరెందుకు?" అంది. మా అత్తగారు, "నాకు కళ్లే సరిగా ఆనవు, నన్నెందుకు లాగుతారు" అన్నారు. అన్నప్పుడు ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు.

మీ బాబాయ్ అందరికంటే వేగం. "వంటింటి వైపు నేనెప్పుడైనా వెళ్లానా?" అన్నారు, ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకుని.

అలా ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నీతో చెప్పకూడదు గానీ, మనసులో ఎంత సంతోషమేసిందో. ఇన్నాళ్లూ ఈ బిస్కెట్లు ఎవరింటికి పంపినా "ఫలానా ఆయన ఇంటి బిస్కెట్లు" అనేవాళ్లు. ఆ ఫలానా ఆయనకి గోధుమపిండికీ పాలపొడికీ తేడా తెలియదు. నా పేరే వెయ్యి. తప్పొస్తే నేనే నిలబడతాను. అక్షరాలు చట్టం చెప్పినంతే ఉండాలా, కాస్త పెద్దవి ఉండకూడదా?

ఫిర్యాదుల ఫోన్ మాత్రం మీ బాబాయ్ నంబరే వెయ్యి. ఎవరికి మోగినా ఎత్తేది ఎలాగూ ఆయనే.

ఇట్లు,
మొదటి స్థానానికి ఎగబాకిన
పిన్ని

తా.క. మా అత్తగారికి లేబుళ్ల పిచ్చి పట్టింది. ఇంట్లో డబ్బాలన్నిటికీ కావాలట. మీ బాబాయ్‌కి కూడా ఒకటి చేయించమంటున్నారు. తయారైన తేదీ తానే చెబుతారట.

*

జవాబుదారీ పిన్ని గారి సముఖానికి,

లేబుళ్లు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అక్షరాలు ఇంతకంటే తగ్గకూడదని చట్టం చెబుతుంది గానీ, ఇంతకంటే పెరగకూడదని ఎక్కడా లేదు. నీ పేరు కౌంటర్ అవతల నిలబడ్డవాళ్లకి కూడా కనిపిస్తుంది. నిలవ ఎన్నాళ్లో పరీక్షశాల వాళ్లు తేల్చారు, అదీ వేశాను. తయారైన తేదీ చోటు ఖాళీగా ఉంచాను, కాల్చిన రోజున ముద్ర వేసుకో.

ఒక్క భయం ఉంది, నీకే చెబుతున్నాను. యజమాని ప్యాకెట్లు స్వయంగా తూచి చూస్తాడట. లేబుల్ మీద రాసినదానికంటే ఒక్క ప్యాకెట్ తగ్గినా సరుకు వెనక్కి, అర చూయింగ్ గమ్‌కి. మూతులు అతికించే చోట ప్యాకెట్‌కి ఒక బిస్కెట్ చొప్పున మాయమవుతుందని నాకు నిక్కరు వేసుకునే రోజుల నుంచీ తెలుసు. సాక్షిగా ఉన్నందుకు నాకూ ఒకటి దొరికేది. అందుకని ఫోన్ నంబరు పక్కన చిన్న వాక్యం చేర్చాను: "బరువు తక్కువైతే వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి." బాబాయ్‌కి ఆ వాక్యం చూపించు. ఏమీ అనకు. ఊరికే చూపించు.

ఇట్లు,
ఊపిరి బిగబట్టిన
మీ అక్క కొడుకు

తా.క. అమ్మేవాటికే లేబుల్ కావాలి, ఇంట్లో వాడుకునేవాటికి అక్కర్లేదని పెద్దావిడతో చెప్పు. బాబాయ్‌ని అమ్మే ఉద్దేశం ఉంటే కబురు చెయ్యి, డిజైన్ మొదలుపెడతాను.

*

చిరంజీవి అక్క కొడుక్కి,

ఊపిరి వదులు. అర మనదే.

ఆ వాక్యం మీ బాబాయ్‌కి చూపించాను. చదివారు, మళ్లీ చదివారు. ఆ రోజు మూతులు అతికిస్తున్నంతసేపూ ఎడమ చెయ్యి జేబులోంచి తీయలేదు. సరుకు వెళ్లింది. మర్నాడు ఫోన్ మోగింది. ఈ ఇంట్లో మొదటిసారిగా ఆయన ఫోన్ ఎత్తలేదు, నా వైపు చూశారు. నేను పిండి చేతులు చూపించాను. చివరికి తప్పక ఎత్తి, "తక్కువొచ్చిందా అండీ?" అన్నారు.

"ఎక్కువొచ్చింది" అన్నాడట యజమాని. "తూచిన ప్రతి ప్యాకెట్‌లోనూ ఒక బిస్కెట్ ఎక్కువ. కొనేవాళ్లకి నష్టం లేదు గనక నేను పెట్టేసుకుంటాను. మీరు మునిగిపోతారు, చూసుకోండి."

మీ బాబాయ్ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చారు. ఆ వైపు ఎప్పుడూ వెళ్లని మనిషి.

"నీ కాటా చెడింది" అన్నారు.

"కాటా బాగానే ఉందండీ. బాగుపడింది మీరే" అన్నాను.

"అంటే, నీకు తెలుసా?"

"తూచేది నేను కదా. మొదటి నుంచీ ప్రతి ప్యాకెట్‌లో ఒకటి ఎక్కువే వేస్తున్నాను. అది మీది. మీరు తీశాకే బరువు సరిపోయేది."

ఆయన గోధుమపిండి డబ్బా మూత తీసి, చూసి, పాలపొడి అనుకుని మళ్లీ పెట్టేశారు.

ఇప్పుడు ఎక్కువ వేయడం మానేశాను. ఆయన వాటా పళ్లెంలో పెట్టి ఇస్తున్నాను. ముట్టడం లేదురా. "పెట్టింది తింటే ఆ రుచి రాదు" అని గొణుగుతున్నారు. మా అత్తగారు "చిక్కిపోయాడు, మళ్లీ తూస్తే మొదటి స్థానం పోతుంది" అంటున్నారు. నాకూ చూడబుద్ధి కాలేదు. నిన్న ఒక డబ్బా నిండా పోసి, పై అలమరలో, దాచినట్టు, కొంచెం కనబడేట్టు పెట్టాను.

నువ్వు మీ ప్రెస్సు పని చూసుకో. ఈసారి ఇంకొన్ని లేబుళ్లు ఎక్కువ వెయ్యి.

ఇట్లు,
తయారీదారు

తా.క. ఆ డబ్బా అమ్మేది కాదు గనక లేబుల్ అక్కర్లేదని నువ్వే రాశావు. అయినా నాది ఇప్పుడు జవాబుదారీ పేరు కదా. అన్నీ తింటేగానీ కనబడకుండా అడుగున ఒక చీటీ పెట్టాను: "తయారు చేసింది: నేను. బరువు: మీ ఇష్టం. తినాల్సినది: ఎవరూ చూడనప్పుడు." పొద్దున్న లేచి చూస్తే డబ్బా ఖాళీ. చీటీ లేదు. కానీ డబ్బా కడిగి, తుడిచి, బోర్లించి ఉంది. పెళ్లైనప్పటి నుంచీ ఆయన గ్లాసైనా కడిగి ఎరగరు.