ముప్పయ్యో రోజు ఫోను

సంగారెడ్డి, జూన్ 10

గౌరవనీయులైన మాణయ్య గారికి నమస్కారాలు.

నేను ఇక్కడి వ్యసన విముక్తి కేంద్రానికి కొత్తగా వచ్చిన మేనేజరును. మీ అబ్బాయి కళ్యాణ్ మూడేళ్ల కిందట కల్తీ కల్లు మానడానికి మా దగ్గర తొంబై రోజులు ఉన్నాడు. ఇంటికి వెళ్లిన ముప్పయ్యో రోజున మావాళ్లు ఫోను చేస్తే "తాగుతలేడు" అన్నారట మీరు. రిజిస్టరులో అతని పేరు ఎదురుగా "బాగయ్యాడు" అని ఉంది.

మా పనిలో ఏం మార్చుకోవాలో తెలుసుకుందామని పాతవాళ్లందరినీ వాకబు చేస్తున్నాను. మీకు రెండుసార్లు ఫోను చేశాను. "ఆఁ, ఆఁ" అని పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం. కళ్యాణ్ ఎలా ఉన్నాడు?

ఇట్లు,
నిషిత

లక్డారం, జూన్ 19

చిరంజీవి నిషితకు మాణయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నాకు ఫోనులో మాట రాదు. ఏడో తరగతి చదివాను కనుక రాయడమే కొంత నయం.

మీ దగ్గర పప్పులో ఉప్పు తక్కువట. రుఖయ్యా సిస్టరు మంచిదట. ఫిట్స్ వచ్చినప్పుడు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుందని వాడే చెప్పాడు. ఇక్కడ ఇంకా వాన పడలేదు.

ఇంతకన్నా రాయడానికి లేదు.

మాణయ్య

సంగారెడ్డి, జూలై 2

ప్రియమైన మాణయ్య తాతకు,

మీ ఉత్తరం చదివి వినిపిస్తే రుఖయ్యా ఒకటే నవ్వు. "ఉప్పు కోసం కళ్యాణ్‌కు వంటాయనతోని రోజూ లొల్లే! 'ఏం భయ్యా, ఉప్పు మీ అత్తగారింటి నుంచి తెస్తున్నవా?' అనెటోడు" అంది.

ఒక సాయం కావాలి. బయటికి వెళ్లినవాడు నెలలోపు మళ్లీ తాగి వస్తే చేర్చుకోకూడదని ఇక్కడో పద్ధతి. బాగైనవాళ్ల సంఖ్య తగ్గుతుందని భయం. దాన్ని తీసేయాలంటే కమిటీ పెద్దలు ఒప్పుకోవడం లేదు. "మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతవమ్మా? గా లక్డారం పిలగాడు బాగుపడలేదా?" అంటున్నారు. ఆగస్టు మొదటి ఆదివారం కమిటీ, ఇంటివాళ్లు అందరూ వస్తారు. కళ్యాణ్ వచ్చి రెండు మాటలు చెబితే బాగుంటుంది.

మీ
నిషిత

లక్డారం, జూలై 11

నిషితకు,

వాడు రాలేడు. నన్ను కూడా అడగవద్దు.

మాణయ్య

సంగారెడ్డి, జూలై 16

ప్రియమైన తాతకు,

కోపం వచ్చిందా? ఇక అడగను.

నిన్న ఒకతను వెనక్కి వచ్చాడు. ఇంటికి వెళ్లి పన్నెండు రోజులే అయిందట. వాచ్‌మన్ గేటు దగ్గర నుంచే పంపించేశాడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి ఆటో ఎక్కేశాడు. పేరు కూడా ఎవరూ రాసుకోలేదు. మనసేం బాగాలేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక మీకు రాస్తున్నాను.

మీ
నిషిత

లక్డారం, జూలై 24

ప్రియమైన బిడ్డ నిషితకు,

కోపం కాదు. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

కళ్యాణ్ కూడా అట్లాగే వచ్చాడు, తొమ్మిదో రోజున. కంపెనీలో జీతం పడిన నాడు తోటివాళ్లతో ఒక సీసా తాగాడు. భయపడి తనంతట తానే మీ గేటు దగ్గరికి వచ్చాడు. "నెల దాటినంక రా. లేకుంటే మీ నాయనను తోలుకొచ్చి ఆఫీసుల మాట్లాడిపియ్యి" అన్నారట.

ఇంటికొచ్చి నన్ను అడిగాడు. "నువ్వేం మాట్లాడకు నాయినా. ఉత్తగ నా పక్కకు నిలబడు. నేనే చెప్పుకుంట." ఆఫీసుల్లో నిలబడాలంటే నాకు భయం. రేపు పోదాం తియ్యి అన్నాను. మర్నాడూ అదే అన్నాను. మూడో నాడు వాడు అడగలేదు. కల్లు దుకాణానికి పోయి, మునుపు తాగినన్ని సీసాలూ తాగాడు. మానిన ఒంటికి పాత కొలత విషమని మర్నాడు పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆ మాట అంతకుముందు మాకెవరూ చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడే మీరు చెప్పండి.

వాడిని పాతిపెట్టిన పద్దెనిమిదో రోజున మీ ఫోను వచ్చింది. "మీ కొడుకు తాగుతుండా?" అని ఒకామె అడిగింది. "తాగుతలేడు" అన్నాను. "శానా సంతోషం" అని పెట్టేసింది. తర్వాతి మాట నా గొంతులోనే ఉండిపోయింది. అది చూపించి మీవాళ్లు గేటు మూసి పెడుతున్నారని నాకు తెలియదు.

"బాగయ్యాడు" అన్నది కొట్టేయించు. పక్కన, చనిపోయాడు, పన్నెండో రోజు, అని రాయించు.

కమిటీ కూర్చునే ఆదివారం పటాన్‌చెరులో బస్సు మారి వస్తాను. పెద్దమనుషుల ముందు నాకు నోరు పెగలదు. ఈ కాగితం నువ్వే చదువు. నేను పక్కన నిలబడతాను. వాడు నన్ను అడిగింది కూడా అంతే.

మాణయ్య